కోసినందుకు కాదు కోపం

ఫాంటసీ నవల సినిమాగా వచ్చిన ప్రతిసారీ ఒకే వాదన లేస్తుంది. "పుస్తకంలో ఇలా లేదు" అంటాడు అభిమాని. "అంత పుస్తకం మూడు గంటల్లో ఎలా పడుతుంది, కొంత కొయ్యాల్సిందే కదా" అంటారు మిగతావాళ్లు. దాంతో అభిమాని నోరు మూతపడాలని వాళ్ల ఉద్దేశం. నిజానికి ఆ మాట అతని ఫిర్యాదుకు జవాబే కాదు. కోత తప్పదని అభిమానులు ఎప్పుడో ఒప్పుకున్నారు. వాళ్లు ఒప్పుకోనిది వేరే ఉంది. ఆ తేడాని అరవై ఏళ్ల కిందటే స్పష్టంగా రాసిపెట్టినాయన 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీనే.

ఆ నవల మూడు సంపుటాలుగా 1954, 55ల్లో వచ్చింది. 1957లోనే అమెరికా నుంచి ఫారెస్ట్ జె. ఆకర్‌మన్ అనే ఏజెంటు సినిమా ప్రతిపాదన పట్టుకొచ్చాడు. కథా సంగ్రహం రాసింది మోర్టన్ గ్రేడీ జిమ్మర్‌మన్. టోల్కీన్ మొదట్లో కాదనలేదు, చూపించిన బొమ్మలు ఆయనకు నచ్చాయి కూడా. ఆయన లెక్క సూటిగా ఉంది: మంచి డబ్బైనా ఇవ్వాలి, లేదా నచ్చనిదాన్ని ఆపే హక్కైనా ఇవ్వాలి. సంగ్రహం చదివాక మాత్రం ప్రచురణకర్తకు ఒక ముఖ్యమైన మాట రాశాడు. కథలోంచి కొన్ని ఘట్టాలు ఏరుకుని తీస్తే సంతోషమే, వీళ్లు మాత్రం అన్నిటినీ కుదించి ఇరికించారు, అందువల్ల కథ గజిబిజి అయింది, పతాక సన్నివేశాలు చప్పబడ్డాయి అన్నది దాని సారాంశం.

1958లో ఆయన రాసిన సుదీర్ఘమైన విమర్శ ఉత్తరం ఇప్పటికీ చదవదగ్గది. అందులో ఉన్నది గొణుగుడు కాదు, కథ ఏ కీళ్ల మీద ఆడుతుందో తెలిసినవాడి వివరణ. ఉదాహరణకి పెద్ద గద్దలు. జిమ్మర్‌మన్ ఒక గద్దను మొదట్లోనే హాబిట్లనే పొట్టి మనుషుల ప్రాంతం షైర్‌లో దింపాడు. అది అర్థం లేని పని అన్నాడు టోల్కీన్. గద్దలు అలా పిలిస్తే వచ్చి వాలేవైతే, ఆ తర్వాత మాంత్రికుడు గాండాల్ఫ్ మరో మాంత్రికుడు సారుమాన్ చేతిలో బందీ అయ్యాడంటే ఎవరు నమ్ముతారు? రుతువుల సంగతీ అంతే. కథ శరత్తులో మొదలై, చలికాలం గుండా వసంతంలోకి వస్తుంది. కథ స్వరమే ఆ నడకలో ఉంది. దాన్ని కారణం లేకుండా తారుమారు చేశారని ఆయన బాధ. ఎల్ఫ్‌లు దారిబత్తెంగా ఇచ్చే లెంబాస్ రొట్టెని ఏదో పోషకాహార బిళ్లలా వర్ణించడం కూడా ఆయన సహించలేదు.

అదే ఉత్తరంలో ఇంకో సంగతి ఉంది. నడిచే చెట్లకాపరులైన ఎంట్‌ల ఘట్టం, హెల్మ్స్ డీప్ కోట యుద్ధం రెండూ అర్థమయ్యేంత నిడివితో తీయలేకపోతే ఒకటి తీసేయమన్నాడు. తీసేయాల్సింది యుద్ధాన్నే, ఎందుకంటే ప్రధాన కథకు అది పక్కది. తన పుస్తకంలోంచి ఒక యుద్ధం యుద్ధమే కొట్టేయడానికి రచయితే సిద్ధపడ్డాడు!

ఆ సినిమా రాలేదు. 1969లో హక్కులు యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కి వెళ్లాయి. 1973లో టోల్కీన్ చనిపోయాడు. 1978లో రాల్ఫ్ బాక్షీ తీసిన యానిమేషన్ చిత్రం హెల్మ్స్ డీప్ దగ్గర ఆగిపోయింది. పేరులో 'మొదటి భాగం' అని వేయకపోవడంతో పూర్తి కథ కోసం వచ్చినవాళ్లు నిలువునా మోసపోయినట్టు లేచి వచ్చారు. రెండో భాగం ఎప్పటికీ రాలేదు.

పీటర్ జాక్సన్ మూడు సినిమాలు 2001 నుంచి 2003 దాకా ఏడాదికొకటి చొప్పున వచ్చాయి. చివరిదానికి 11 ఆస్కార్లు దక్కాయి. అభిమానుల స్పందనని ఇక్కడ జాగ్రత్తగా గమనించాలి. టామ్ బాంబడిల్ అనే వింత పాత్ర పూర్తిగా ఎగిరిపోయింది. కథానాయకులు ఇంటికి తిరిగొచ్చాక సొంత ఊరిని దుర్మార్గుల నుంచి విడిపించుకునే ఘట్టం కూడా లేదు. ఇవి చిన్న కోతలు కావు. బాధపడ్డవాళ్లున్నారు, అయినా ఎక్కువమంది సర్దుకుపోయారు. ఎంతకీ చల్లారని మంట ఇంకో పాత్ర దగ్గర రేగింది. అతను ఫారమిర్.

పుస్తకంలో, అందరినీ లొంగదీసే ఉంగరాన్ని నాశనం చేయడానికి మోసుకెళ్తున్న హాబిట్ ఫ్రోడోని, అతని తోడు సామ్‌ని ఫారమిర్ అడవిలో పట్టుకుంటాడు. సామ్ నోరుజారి ఉంగరం గుట్టు బయటపెడతాడు. అన్న బొరొమిర్ ఆ ఉంగరం ఆశకే పతనమయ్యాడు. ఇప్పుడు తమ్ముడి చేతిలో సైనికులున్నారు, ఎదురుగా నిస్సహాయులైన ఇద్దరు హాబిట్లున్నారు. అయినా అది దారిలో పడి ఉన్నా తీసుకోనని అంతకుముందే అన్న మాటకు కట్టుబడి వాళ్లని పంపించేస్తాడు. ఈ పాత్రను తాను కల్పించలేదని, తనంతట తనే అడవిలోంచి నడిచొచ్చాడని టోల్కీన్ 1944లో కొడుకు క్రిస్టఫర్‌కి రాశాడు. తనకు పోలిక ఉన్న పాత్రంటూ ఉంటే అది ఫారమిరేనని మరోచోట అన్నాడు.

2002 సినిమాలో ఫారమిర్ వాళ్లని బందీలుగా శిథిల నగరం ఓస్గిలియాత్‌కి ఈడ్చుకెళ్తాడు. చాలాసేపటికి గానీ మనసు మార్చుకోడు. స్క్రిప్టు రాసినవాళ్ల వాదన నేను తోసిపుచ్చను. ఉంగరం ఎవరినైనా లొంగదీస్తుందని అంతసేపూ భయపెట్టి, ఒకడొచ్చి వద్దు పొమ్మంటే ప్రేక్షకుడికి ఆ భయం దిగిపోతుందన్నారు. పైగా సాలీడు షీలాబ్ ఘట్టాన్ని మూడో సినిమాకి జరిపారు కాబట్టి, రెండోదాంట్లో ఫ్రోడో కథకి ఏదో ఒక ముగింపు కావాలి. రెండూ పనివాళ్ల కారణాలే. కానీ దాంతో పోయింది సన్నివేశం కాదు. మనిషి ఆశకి లొంగకుండా ఉండగలడని ఆ నవలలో ఉన్న గట్టి రుజువుల్లో ఒకటి పోయింది. అభిమాని గొంతు పూడుకుపోయేది అక్కడ. ఓస్గిలియాత్ శిథిలాల్లో సామ్ "అసలు మనం ఇక్కడ ఉండకూడదు" అన్నప్పుడు పుస్తకం తెలిసినవాళ్లందరూ ఉలిక్కిపడ్డారు. మరుసటి ఏడాది వచ్చిన పొడిగింపు ప్రతిలో తండ్రి, అన్నలతో ఫారమిర్ ఉన్న ఒక పాత జ్ఞాపకం చేర్చాక అతని తడబాటుకి కొంత కారణం దొరికింది, కోపం కొంత తగ్గింది. ఇక టోల్కీన్ కొట్టేయమన్న హెల్మ్స్ డీప్ యుద్ధమే ఆ సినిమాకి పతాక ఘట్టమైంది. నన్నడిగితే దాన్ని అద్భుతంగా తీశారు.

కోతే కథని చంపిన సందర్భాలు లేకపోలేదు. మైకేల్ ఎండే 1979 నవల 'ద నెవరెండింగ్ స్టోరీ' 1984లో సినిమాగా వచ్చి దాదాపు సగం పుస్తకం దగ్గరే ముగిసింది. మిగతా సగంలో కోరుకున్న ప్రతి కోరికకీ ఒక జ్ఞాపకం చొప్పున కథానాయకుడైన కుర్రాడు బాస్టియన్ పోగొట్టుకుంటూ వస్తాడు. సినిమాలో అతను ఎగిరే డ్రాగన్ ఎక్కి తనని ఏడిపించిన కుర్రాళ్లని తరుముతాడు. సినిమా ఆపండి, లేదా పేరైనా మార్చండి అని ఎండే కోర్టుకెళ్లి ఓడిపోయాడు.

ఉర్సులా లె గ్విన్ అనుభవం ఇంకా చేదు. 'ఎర్త్‌సీ' అనే తన దీవుల ఫాంటసీ నవలల హక్కులు ఆమె అమ్మడానికి ముఖ్య కారణం, స్క్రిప్టు జాక్సన్ బృందంలోని ఫిలిప్పా బోయెన్స్ రాస్తుందని చెప్పడమే. తీరా ఆ ఏర్పాటు నిలవలేదు. ఆ దీవుల్లో ఎక్కువమంది గోధుమ, రాగి, నలుపు రంగు మనుషులని, కథానాయకుడు గెడ్‌ది ఎర్రటి గోధుమ రంగని ఆమె 1968లోనే కావాలని రాసుకుంది. 2004 డిసెంబరులో టీవీలో వచ్చిన గెడ్ తెల్ల కుర్రాడు. తన ప్రపంచానికి వెల్ల వేశారని ఆమె బహిరంగంగానే రాసింది. రెండేళ్లకి జపాన్ స్టూడియో జిబ్లీ తీసిన చిత్రం చూసి దర్శకుడు గోరో మియజాకీతో ఆమె అన్నది: ఇది నా పుస్తకం కాదు, మీ సినిమా, మంచి సినిమా.

'ద హాబిట్' దగ్గరికొచ్చేసరికి వాదన తలకిందులైంది. 1937 నాటి ఆ ఒక్క చిన్న టోల్కీన్ పుస్తకాన్ని 2012 నుంచి 2014 దాకా మూడు సినిమాలు చేశారు, మొత్తం దాదాపు ఎనిమిది గంటలు. పుస్తకంలో లేని టారియల్ అనే ఎల్ఫ్ యువతిని తెచ్చి ఒక మరుగుజ్జుతో ప్రేమకథ అల్లారు. ఈసారి కొయ్యలేదని కోపం. 2015 జనవరిలో ఒక అభిమాని మూడింటినీ కలిపి సుమారు నాలుగు గంటల సినిమాగా తనే ఎడిట్ చేసి విడుదల చేశాడు. ప్రేమకథ పోయింది, గాండాల్ఫ్ పక్కదారి ప్రయాణం పోయింది, యుద్ధాలు చిక్కిపోయాయి, కథ మళ్లీ కథానాయకుడు బిల్బో వెంట నడిచింది. అలాంటి ప్రతులు తర్వాత ఇంకా చాలా వచ్చాయి. వాటిని తయారుచేసినవాళ్లు, "పుస్తకంలో ఇలా లేదు" అంటూ మొదట్నుంచీ గొంతెత్తిన అభిమానులే.