‘కూర్చుంటే స్వామే పలికిస్తాడు’: ధర్మ ప్రచారకుల తయారీ గురించి అపోహలు - వాస్తవాలు

ప్రచారకుల శిక్షణ ఏ బ్యాచ్‌లో చూసినా మొదటి రోజే ఒకరు ఈ మాట అంటారు. “ముందే రాసుకుని, గడియారం చూసుకుని చెబితే అది లెక్చర్ అవుతుంది గానీ సత్సంగం ఎలా అవుతుందండీ? పీట మీద కూర్చుంటే స్వామే పలికిస్తాడు.” పక్కనున్న నలుగురూ తలూపుతారు. తిరుపతిలో ఈ మాటకు ఎదురు చెప్పడం కష్టం. కాదన్నవాడికి భక్తి లేదనుకుంటారు. మిగతా అపోహలన్నీ కలిపి చేసే నష్టం కంటే ఇదొక్కటి చేసే నష్టమే ఎక్కువ కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: భక్తి ఉంటే చాలు, మాట దానంతటదే వస్తుంది.

మాట వస్తుంది, నిజమే. ఏ మాట వస్తుందన్నదే చిక్కు. తడుముకునేటప్పుడు నోటికి అందేది ఎప్పుడో విన్నదే: సినిమాలో చూసిన సన్నివేశం, వాట్సాప్‌లో తిరిగే సూక్తి, గోడ కేలండర్ మీది ‘గీతాసారం’. “ఏది జరిగిందో అది మంచికే జరిగింది” అనే కేలండర్ వాక్యం గీతలోని 700 శ్లోకాల్లో ఏ ఒక్కదానికీ అనువాదం కాదు. లక్ష్మణరేఖ వాల్మీకి అరణ్యకాండలో లేదు. శబరి కొరికి రుచి చూసిన పళ్ళూ, వారధి దగ్గర ఉడతా వాల్మీకంలో కనబడవు. మయసభలో ద్రౌపది “గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే” అన్నట్టు వ్యాసభారతంలో లేదు. ఈ కథలు చెప్పొద్దని ఎవరూ అనడం లేదు. తరాలుగా జనం నోట నలిగినవి, వాటి అందం వాటిది. “వాల్మీకి మహర్షి ఇలా అన్నాడు” అని ముద్ర వేయడమే తప్పు. “మన పెద్దలు చెప్పుకునే కథ ఒకటుంది” అంటే ఏ పేచీ లేదు. ఆ చిన్న తేడా నోటికి రావాలంటే ముందే పుస్తకం తెరిచి ఉండాలి.

పల్లెవాళ్ళకు ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అనుకునేవాళ్ళు చిత్తూరు వైపు ఒక్కసారి ‘భారతం’ చూసి రావాలి. ద్రౌపదీ ధర్మరాజుల గుడి ముందు రోజుల తరబడి మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. అర్జునుడు తపస్సు మాను (దానికని నాటిన ఎత్తైన స్తంభం) ఎక్కుతాడు, మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుణ్ణి వధిస్తారు, ఆపైన అగ్నిగుండం. చిన్నప్పటినుంచీ ఏటా ఇది వింటూ పెరిగిన ముసలాయన వెనక వరుసలో బీడీ ఆర్పేసి, “సామీ, మీరు చెప్పిన మాట ఏ పర్వంలో ఉండాది?” అని నెమ్మదిగా అడుగుతాడు. ఎగతాళికి కాదు, తెలుసుకుందామనే. పర్వం పేరు చెప్పలేక దాటేస్తే ఆ తర్వాత చెప్పినదంతా గాలికి పోయినట్టే. మళ్ళీ ఆ ఊరు పిలవదు. ఎందుకు పిలవలేదో కూడా చెప్పదు.

మరి తయారీ అంటే ఏమిటి? నలభై నిమిషాల ప్రసంగానికి కనీసం అయిదు గంటలు, అదీ నాలుగు రోజుల మీద పరచుకుని. అయిదు గంటలూ ముందు రాత్రే కూర్చుంటే తెల్లారేసరికి గొంతు బొంగురుపోతుంది, విషయం కలగాపులగం అవుతుంది.

మొదటి రోజు మూలం. అందరికీ వచ్చనుకునే శ్లోకాన్నే తీసుకోండి: గీత రెండో అధ్యాయం 47. ముందు పదాలు విడదీయాలి. కర్మణి ఏవ అధికారః తే, మా ఫలేషు కదాచన. మా కర్మఫలహేతుః భూః, మా తే సంగః అస్తు అకర్మణి. తర్వాత ప్రతిపదార్థం, అన్వయం, చివర తాత్పర్యం. ఈ వరస తప్పి నేరుగా తాత్పర్యానికి దూకినవాళ్ళు “పని చెయ్, ఫలితం అడక్కు” అని మొదటి సగంతోనే ఆపేస్తారు. నాలుగో పాదం జారిపోతుంది. ‘పని మానేయడం మీద నీకు మమకారం వద్దు’ అని అక్కడే ఉంది. (తయారు కాకుండా వచ్చి స్వామి మీద భారం వేసేవాళ్ళకు ఆ పాదం ఎంత బాగా నప్పుతుందో వేరే చెప్పాలా.)

అక్కడే ఉచ్చారణ కూడా చూసుకోవాలి. ‘ఫలేషు’లో ఫ పలికేటప్పుడు కింది పెదవికి పళ్ళు తగిలితే అది ఫ్యాన్‌లో ఫ. రెండు పెదవులూ కలిసి విడివడాలి. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుంటే గాలి తాకుతుంది.

రెండో రోజు ఒక వ్యాఖ్యానం చదివి, ఆ ఊరికి తగిన ఉదాహరణ ఒక్కటి ఎంచుకోవాలి. పాడి మీద బతికే ఊళ్ళో ఐటీ ఉద్యోగి ఒత్తిడి గురించి చెబితే ఎవరికి పడుతుంది? మూడో రోజు నిలబడి, గొంతెత్తి రెండుసార్లు చెప్పాలి, ఫోన్‌లో రికార్డు చేయాలి. మనసులో చెప్పుకోవడం లెక్కలోకి రాదు. ఎక్కడ ఊపిరి అందదో, ఏ సమాసం దగ్గర నాలుక తిరగదో బయటికి అంటేనే తెలుస్తుంది. నాలుగో రోజు ఆ రికార్డు వింటూ ‘అంటే’, ‘కదండీ’, ‘ఆ విధంగా’ ఎన్నిసార్లు వచ్చాయో గీతలు పెట్టుకోండి. సిగ్గేస్తుంది, వేయనివ్వండి. ఆ కాగితం వెనకే జనం అడగబోయే ప్రశ్నలు పది రాసి, ఒక్కోదానికి రెండు వాక్యాల్లో జవాబు రాసుకోవాలి.

సమయం తినేసేది అసలు విషయం కాదు, ముందుమాట. ప్రార్థన, పెద్దల పేర్లు, “నేను అల్పుణ్ణి” అన్న వినయం కలిసి పావుగంట మింగేస్తాయి. అయిదు నిమిషాల్లో తేల్చి శ్లోకంలోకి వెళ్ళిపోవాలి.

అపోహ: సంస్కృతం రానివాళ్ళు, పెద్ద చదువు లేనివాళ్ళు దీనికి పనికిరారు.

ఈ భయంతో వెనక్కి తగ్గేవాళ్ళే తరచుగా బాగా తయారవుతారు, ఎందుకంటే తెలియదని వాళ్ళకు తెలుసు. వారానికి ఒక్క శ్లోకం, విడదీసి, అర్థంతో సహా. ఏడాదికి యాభై అవుతాయి. ఊళ్ళు తిరగడానికి అది తక్కువేం కాదు. సందేహం వస్తే అడగడానికి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఊళ్ళోనే ఉంది. తెలియని ప్రశ్న ఎదురైతే “కనుక్కుని చెబుతాను” అని పేరు, ఫోన్ నంబరు రాసుకోండి. వారంలోపల ఫోన్ చేసి చెప్పండి. పరువేమీ పోదు.

మిగతావి గబగబా.

కాగితం చూస్తే చిన్నతనం అంటారు. కాదు. అరచేతిలో పట్టే ముక్క మీద శ్లోకం మొదటి పదాలు, పేర్లు, వరస మాత్రం ఉండాలి. పూర్తి వాక్యాలు రాసుకుంటే తల దాంట్లోనే ఉండిపోతుంది.

ఆండాళ్ తమిళంలో పాడిన తిరుప్పావై ముప్పై పాశురాలూ తెలుగు లిపిలో చదివేస్తే సరిపోతుందంటారు. నగరి, సత్యవేడు వైపు వినేవాళ్ళలో తమిళం ఇంటి భాషగా ఉన్నవాళ్ళుంటారు. ‘మార్గళి’లో మనం రాసే ళ తమిళంలో ఆ ళ కాదు, నాలుక వెనక్కి మడిచి ఎక్కడా తాకించకుండా పలికే వేరే అక్షరం. ధనుర్మాసానికి ముందే తమిళం తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకోండి.

అన్నమయ్య ఇదే బాణీలో పాడాడని చెప్పేస్తుంటారు. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. ఇవాళ మనం వినే బాణీలు చాలావరకు ఇటీవలి విద్వాంసులు కట్టినవే.

ఇక గ్రామదేవతను తక్కువచేసి మాట్లాడితే శాస్త్రం చెప్పినట్టని కొందరి నమ్మకం. తిరుపతి గంగమ్మ జాతరకు తిరుమల నుంచి సారె వస్తుంది, చెల్లెలికి అన్న పంపినట్టు. మీరు వెళ్ళే ఊరి అమ్మవారి పేరు, జాతర నెల ముందే కనుక్కుని, మొదట ఆవిడకు నమస్కారం చెప్పి మొదలుపెట్టండి.

చివరగా మైకు. పల్లెల్లో మైకు సెట్టు అబ్బాయి భజనకని ఎకో పెంచి ఉంచుతాడు. దాంట్లో శ్లోకం చదివితే ఒత్తులన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. అరగంట ముందే వెళ్ళి, “తమ్ముడూ, ఎకో పూర్తిగా తీసెయ్” అని చెప్పి, నోటికి నాలుగు వేళ్ళ దూరంలో మైకు పెట్టించుకుని, చివరి వరుసలో ఒకరిని నిలబెట్టి ఒక శ్లోకం చదవండి. సౌండు బాక్సు మైకు వైపు తిరిగి ఉంటే కీచుమంటుంది, దాన్ని జనం వైపు తిప్పించండి.