“మా స్టేట్‌లో లీగలే కదా మేడమ్?”

2022 ఏప్రిల్‌లో న్యూజెర్సీలో గంజాయి షాపులు తెరిచినప్పటి నుంచి, ఇమిగ్రేషన్ లాయర్‌గా నాకు ఈ ప్రశ్న తప్పడం లేదు.

అపోహ: స్టేట్ ఒప్పుకుంది కాబట్టి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) చట్టం మనకు వర్తించదు.

వాస్తవం: స్టేట్ తన చట్టంలో శిక్ష తీసేసింది, అంతే. గంజాయిని నిషేధించిన 1970 నాటి ఫెడరల్ చట్టం అలాగే ఉంది. స్టేట్ అనుమతితో ఇంట్లో సొంతానికి పెంచుకున్న మొక్కల మీదా అది చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు రైచ్ కేసులో తేల్చేసింది. వీసా, గ్రీన్‌కార్డ్, పౌరసత్వం ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వమే. కేసూ శిక్షా లేకపోయినా, వాడినట్టు ఆఫీసరు ముందు ఒప్పుకున్న మాటే వీసాకు అడ్డం పడొచ్చు. గంజాయి వ్యాపారంలో ఉద్యోగం చేసినా పౌరసత్వం రాకపోవచ్చని పౌరసత్వ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యూఎస్‌సీఐఎస్ 2019లోనే రాసి మరీ చెప్పింది.

గ్రీన్‌కార్డ్ ఉన్న గుంటూరు కుర్రాడొకడు అలాంటి షాపుకి జీతాల లెక్కలు చూసేవాడు. సరుకు ముట్టుకున్నది లేదు. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ దగ్గరపడ్డాక నా దగ్గరికి వచ్చాడు. “ట్యాక్స్ కట్టించుకుంటున్నారు కదా మేడమ్!” అన్నాడు. నిజమే, ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ గంజాయి డబ్బుకీ పన్ను వసూలు చేస్తుంది. అంతమాత్రాన అది లీగల్ అయిపోదు. ఫోన్ స్పీకర్‌లో వాళ్లమ్మ “మావాడి మీద గంజాయి కేసా అమ్మా?” అని ఒకటే ఏడుపు. కేసేమీ లేదని ఆవిడకి నచ్చజెప్పడానికే సగం సేపు పట్టింది. దరఖాస్తు వెనక్కి తీసుకుని ముందు ఉద్యోగం మారమన్నాను.

అపోహ: రాజ్యాంగ విరుద్ధమని స్టేట్ అంటే ఆ ఫెడరల్ చట్టం చెల్లదు.

అది తేల్చేది కోర్టు. ఫెడరల్ తుపాకీ చట్టాలు కొన్ని చెల్లవని మిస్సోరి 2021లో చట్టం చేస్తే, ఫెడరల్ కోర్టులు దాన్నే కొట్టేశాయి. స్టేట్‌కి ఉన్న హక్కల్లా “మా పోలీసుల్ని మీ పనికి పంపం” అనడం. 1997లో ప్రింట్జ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చింది అదే. ఫెడరల్ ఏజెంట్లు సొంతంగా రావడాన్ని అది ఆపదు. న్యూజెర్సీలోకి ఐస్ (ఫెడరల్ ఇమిగ్రేషన్ పోలీసులు) అడుగు పెట్టకూడదంటూ వాట్సాప్‌లో తిరిగేవన్నీ ఉత్త మాటలే.

అపోహ: గంజాయి వాడారా అని అడిగితే “లేదు” అనేస్తే సరి.

అబద్ధం దొరికితే గంజాయి కంటే పెద్ద తంటా. తప్పుడు సమాచారం ఇచ్చారన్న ముద్ర జీవితాంతం వీసాకి అడ్డుపడుతుంది. వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్లేవాళ్లు టికెట్ కొనకముందే లాయర్‌తో మాట్లాడండి. గ్రీన్‌కార్డ్ కోసం చేసే మెడికల్ పరీక్షలో డాక్టరు కూడా ఇదే అడుగుతారు.