హావ్‌లాక్‌లో స్కూబా: అపోహలు - వాస్తవాలు

అండమాన్‌లో ఉదయం ఐదింటికే తెల్లారిపోతుంది. ఆరింటికల్లా హావ్‌లాక్ దీవిలోని మా డైవ్ షెడ్డు ముందు ఆటోలు ఆగుతాయి, గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలో దిగే స్కూబా కోసం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అయితే అందులో ఒక తెలుగు కుటుంబమైనా ఉంటుంది. నా మాట వినగానే "అమ్మయ్య, మనాయనే" అంటారు, ఆ వెంటనే ప్రశ్నలు మొదలు. ఈ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు కానీ జెట్టీ దగ్గర, ఆటో స్టాండులో ఇప్పటికీ హావ్‌లాకే. ఆ ప్రశ్నలూ అంతే, ఎన్నేళ్లైనా మారవు.

అపోహ: ఈత రాకపోతే స్కూబా కుదరదు

మొదటిసారి చేసే ట్రై డైవ్‌కి ఈత అక్కర్లేదు. లోతు 12 మీటర్లు దాటనివ్వం, ఇన్‌స్ట్రక్టర్ మీ వెనకే సిలిండర్ పట్టుకుని ఉంటాడు. నిజం చెప్పాలంటే, ఈత బాగా వచ్చినవాళ్లతోనే నాకు పని ఎక్కువ. చిన్నప్పుడు కాలవలో, బావిలో నేర్చుకున్నవాళ్లకి ముఖం నీళ్లలో మునగగానే ఊపిరి బిగబట్టడం అలవాటు. స్కూబాలో అన్నిటికంటే ప్రమాదం అదే.

ఎందుకంటే సముద్రంలో 10 మీటర్లు దిగితే ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది. అక్కడ నిండా గాలి పీల్చి, బిగబట్టి పైకి వచ్చేశారనుకోండి, లోపలి గాలి రెండింతలు వ్యాకోచిస్తుంది. ఊపిరితిత్తులకి అంత చోటు లేదు. ఒక మీటరు పైకి రావడంలోనే దెబ్బ తగలొచ్చు. కాబట్టి నేను చెప్పే సూత్రం ఒక్కటే: పీలుస్తూ ఉండండి, వదులుతూ ఉండండి, తీరిగ్గా. పక్కన పెద్ద తాబేలు కనిపించినా సరే, "హా!" అని ఊపిరి ఆపొద్దు.

కోర్సు చేసి సర్టిఫికెట్ తీసుకోవాలంటే మాత్రం ఈత తప్పదు. 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు ఆధారం లేకుండా తేలాలి.

అపోహ: సిలిండర్లో ఉండేది ఆక్సిజన్

కోవిడ్ తర్వాత సిలిండర్ అనే మాట వింటే అందరికీ ఆక్సిజనే గుర్తొస్తోంది, అది సహజం. కానీ మీ వీపు మీద ఉన్నది మామూలు గాలే. షెడ్డు వెనక డుగడుగమని మోగే కంప్రెసర్‌తో, తేమ తీసేసి, శుభ్రం చేసి నింపుతాం. 11 లీటర్ల సిలిండర్లో 200 బార్ (అంటే మన చుట్టూ ఉన్న గాలికి సుమారు 200 రెట్లు) ఒత్తిడితో సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది. ఆ గాలి బరువే రెండున్నర కిలోలు! అందుకే డైవ్ చివర్లో ఖాళీ అయిన అల్యూమినియం సిలిండర్ మనిషిని పైకి తేల్చేస్తుంది, నడుముకి సీసం దిమ్మలు కట్టేటప్పుడు ఆ లెక్క కూడా వేసుకుంటాం.

స్వచ్ఛమైన ఆక్సిజన్ పెడితే ఏమవుతుంది? 6 మీటర్లు దాటాక అది విషమే. మూర్ఛ రావొచ్చు, నీళ్లలో మూర్ఛ అంటే ఇక చెప్పేదేముంది.

అపోహ: చెవులు పగిలిపోతాయి

తిరుమల ఘాట్ రోడ్డులో చెవులు మూసుకుపోయి, గుటక వేయగానే టప్‌మని తెరుచుకుంటాయి కదా. ఇక్కడా అదే సంగతి, కాకపోతే కొండంతా ఎక్కితే పడే తేడా కంటే ఎక్కువ తేడా ఇక్కడ రెండు మీటర్లలో వచ్చేస్తుంది. ముక్కు రెండు వేళ్లతో మూసి, నోరు మూసి, మెల్లగా చీదినట్టు ఊదాలి. నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవకముందే, దిగుతున్నంతసేపూ ప్రతి అర మీటరుకీ. గట్టిగా ఊదితే లోపలి చెవికే దెబ్బ. చెవి తెరుచుకోకపోతే కొంచెం పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి, పంతానికి పోకూడదు.

జలుబు ఉంటే డైవ్ వద్దు. ఈ మాటకే నాకు ఎక్కువ గొడవలు. ఒకాయన ఆరోగ్య ఫారంలో అన్నిటికీ "లేదు" అని టిక్ పెట్టి, పడవ ఎక్కే ముందు చాటుగా జలుబు మాత్ర వేసుకున్నాడు. దిగడం బాగానే దిగాడు. అడుగున ఉండగా మాత్ర పనితనం తగ్గింది. పైకి వచ్చేటప్పుడు చెవిలో ఇరుక్కున్న గాలి బయటికి పోదు. ఎనిమిది మీటర్లు ఎక్కడానికి ఆయనకి ఇరవై నిమిషాలు పట్టింది, సిలిండర్లో గాలి ఎంతుందో చూసుకుంటూ నా గుండె దడదడ. ఒడ్డుకొచ్చాక ఆయన అన్న మాట: "డబ్బులు కట్టేశాం కదా అన్నా." ఆస్తమా, గుండె ఆపరేషన్, మూర్ఛ, గర్భం - వీటిలో ఏది దాచినా అంతే. ఆ ఫారం మా తరఫు కాగితం కాదు, మీ తరఫు కాగితం.

అపోహ: సొర చేపలు తినేస్తాయి

ఇక్కడ తరచుగా కనపడే సొర వైట్‌టిప్ రీఫ్ షార్క్. పగలంతా పగడపు బండ కింద పడుకుంటుంది, మన బుడగల చప్పుడుకి విసుక్కుని లేచి పోతుంది. నెలసరిలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి సొరలు వస్తాయనేదానికి ఆధారమే లేదు. ఈ ప్రశ్న పాపం భార్యని పక్కకు నెట్టి భర్తలే అడుగుతుంటారు.

నాకు భయమున్న చేప వేరే ఉంది. టైటన్ ట్రిగ్గర్‌ఫిష్. ఇసుకలో గుంట చేసి గుడ్లు పెట్టుకున్న సమయంలో దాని జోలికి వెళితే వెంటపడి కరుస్తుంది. తన హద్దు గుంట నుంచి పైకి గరాటులా విచ్చుకుని ఉంటుందన్నమాట. కనుక పైకి పారిపోతే ఇంకా దాని ఇంట్లోనే ఉన్నట్టు. పక్కకి జరగాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది మొసలి విషయంలో. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో ఇదే దీవిలో, రాధానగర్ బీచ్ పక్కన ఉన్న నీల్స్ కోవ్‌లో స్నార్కెలింగ్ (నీటి పైనే ఉండి, గొట్టంతో ఊపిరి పీలుస్తూ లోపలికి చూడడం) చేస్తున్న ఒక పర్యాటకురాలిని మొసలి చంపేసింది. మడ అడవుల పక్కన, బోర్డు పెట్టినచోట నీళ్లలో దిగకండి. సొరలంటే వణికేవాళ్లు ఆ బోర్డు ముందు నిలబడి సెల్ఫీ తీసుకోవడం నేను చూశాను.

అపోహ: పగడాలంటే రాళ్లు

ఉంగరంలో పెట్టుకునే పగడం చూసి అలా అనుకుంటారు. కొందరు మొక్కలనుకుంటారు. పగడం జంతువు, జెల్లీ ఫిష్‌కి చుట్టం. దిబ్బ మీద ఆవగింజంత, పెసరగింజంత జీవులు వేలాదిగా పక్కపక్కన కూర్చుని సున్నంతో ఇల్లు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కాపురముండే నాచు ఎండలో వంట చేస్తుంది, తిండిలో ఎక్కువ భాగం దాని చలవే, రంగు కూడా దానిదే. నీరు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే ఆ నాచుని బయటికి గెంటేస్తాయి. అప్పుడు కనిపించేది తెల్లటి ఎముకే. 2010 వేసవిలో అండమాన్‌లో అదే జరిగింది, చాలాచోట్ల దిబ్బలు ఇంకా పూర్తిగా కోలుకోలేదు. తెల్లగా ఉన్నదాన్ని చూసి "ఎంత బాగుందో" అంటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

గుండ్రటి బండ పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. బిందెంత ఉన్నదానికి ఇరవై ఏళ్లైనా ఉంటాయి. దాని మీద ఫిన్‌తో (ఈదడానికి కాళ్లకి తొడిగే రెక్కతో) ఒక్క తన్ను తన్నితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. చచ్చిన ముక్క ఒడ్డున దొరికినా జేబులో వేసుకోవద్దు, రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఎయిర్‌పోర్టు స్కానర్ దగ్గర "మా పాప ఏరుకుంది సార్" అంటే వినరు.

ఇక్కడ మేం డైవ్ చేసే నీమో రీఫ్‌లో ఒక్క నిమిషం కదలకుండా ఉంటే కరకరమని, జంతికలు నములుతున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. చిలక చేపలు పగడపు బండల మీది నాచుని ముక్కుతో కొరుకుతున్న చప్పుడది. నాచుతోపాటు లోపలికి పోయిన సున్నం పొడిగా మారి వెనక నుంచి బయటికొస్తుంది. మీరు ఫోటోలు దిగే తెల్లటి ఇసుకలో చాలా భాగం అదే. కొత్త పెళ్లికొడుకులకి ఈ సంగతి ఫోటోలయ్యాకే చెబుతాను.

అపోహ: లోపల అంతా ఫోటోల్లో ఉన్నట్టే ఉంటుంది

ఉండదు. నీళ్లు ముందు ఎరుపుని మింగేస్తాయి. 10 మీటర్ల దగ్గర ఎర్ర స్విమ్ డ్రెస్ మట్టిరంగులో కనిపిస్తుంది, వేలు కోసుకుంటే రక్తం ఆకుపచ్చగా. ఫోటోల్లో రంగులు లైటుతోనో, తర్వాత దిద్దడంతోనో వచ్చినవి. పైగా మాస్క్‌లోంచి అన్నీ దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి. "ఇంత చేప" అని చేతులు చాపే ముందు కాస్త తగ్గించుకోండి.

ఒక చిన్న విషయం, మీసాలవాళ్లకి. మాస్క్ అంచు మీసం మీద కూర్చుంటే నీళ్లు కారుతాయి. గీయించుకోమని అననులెండి, ముక్కు కింద అంచున కొంచెం వాసెలిన్ రాస్తే చాలు. ఇంకోటి: బొటనవేలు పైకెత్తితే లోపల "సూపర్" అని కాదు, "పైకి వెళ్దాం" అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. నీమోని (సినిమాలో చూసిన ఆ క్లౌన్ చేపని) చూసిన ఆనందంలో బొటనవేలెత్తి, నేను పైకి తీసుకొచ్చేస్తే "అదేంటండీ అప్పుడే!" అన్నవాళ్లు చాలామంది.

అపోహ: డైవ్ అయ్యాక నేరుగా ఫ్లైట్ ఎక్కేయొచ్చు

ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని ఒంట్లో కరిగి ఉంటుంది, పైకి వచ్చాక నెమ్మదిగా బయటికి పోతుంది. అది పోకముందే విమానంలో ఒత్తిడి తగ్గితే సోడా మూత తీసినట్టు బుడగలు కట్టొచ్చు. కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా రావొచ్చు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలి. పోర్ట్ బ్లెయిర్‌కి (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) ఫెర్రీలో వెళ్లడానికి ఇబ్బంది లేదు, అది నీళ్ల మీదే కదా.

టూర్ ప్యాకేజీల్లో స్కూబాని ఎప్పుడూ చివరి రోజున పెడతారు, ఎందుకో నాకు అర్థం కాదు. తిరగేయమనండి. హావ్‌లాక్ ముందు, సెల్యులార్ జైలు చివర.