చామంతి పుయ్యట్లేదా? ముందు కరెంటు స్తంభం వైపు చూడండి

ఇచ్ఛాపురం, సోంపేట నుంచి అవతల బరంపురం దాకా పెరట్లో చామంతి దుబ్బు లేని ఇల్లు తక్కువే. మార్గశిర లక్ష్మివారాలు మనకున్నాయి, ఒడియా వాళ్ళ మాణబసా పూజలూ ఆ లక్ష్మివారాల్లోనే, ఆ నెలంతా బజార్లో పువ్వు రేటు మండిపోతుంది కాబట్టి ఇంట్లో నాలుగు మొక్కలుంటే చాలనుకుంటాం. కానీ కొన్ని ఇళ్ళల్లో మొక్క నడుం ఎత్తు పెరుగుతుంది, ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, మొగ్గ మాత్రం ఒక్కటీ ఉండదు. "బలం సరిపోలేదేటో" అని ఇంకో గుప్పెడు యూరియా వేస్తారు, దాంతో ఇంకా ఆకేస్తుంది. నన్నడిగితే ఆ సంచి పక్కన పెట్టి రాత్రి ఎనిమిదింటికి మొక్క పక్కన నిలబడి పేపరు చదవడానికి ట్రై చెయ్యండి. అక్షరాలు కనిపించాయంటే చాలావరకు కారణం దొరికినట్టే, వీధి లైటు లేదా వరండా బల్బు.

చామంతి చలికి పూస్తుంది అనుకుంటాం గానీ అసలు లెక్క రాత్రి పొడుగుది. పగలూ రాత్రీ పొడుగుని బట్టి మొక్కలు పూస్తాయని 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు పొగాకు, సోయా మొక్కల మీద చూపించారు. మన ఇచ్ఛాపురం దగ్గర జూన్‌లో పగలు సుమారు పదమూడుంపావు గంటలుంటే డిసెంబరుకి పదకొండు గంటలకొచ్చేస్తుంది. రాత్రి అలా పెరుగుతూ రకాన్ని బట్టి ఒక హద్దు దాటాకే కొమ్మ చివర ఆకు పుట్టడం ఆగి మొగ్గ మొదలవుతుంది. ఆ చీకటి తెగకుండా ఉండాలి, నడిరాత్రి కాసేపు లైటు పడినా మొక్కకి అది పొట్టి రాత్రే. ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే రంగు పదార్థం ఉంటుంది, ఎర్ర కాంతి తగిలితే దాని రూపం మారుతుంది, వెలుగొచ్చిందని మొక్కకి తెలిసేది దానివల్లే. పాలీహౌస్ (ప్లాస్టిక్ కప్పిన షెడ్డు) వాళ్ళు దీన్నే వాడుకుని, పువ్వు వద్దనుకున్నన్నాళ్ళు రాత్రి లైట్లు వేసి, కావాలనుకున్నప్పుడు సాయంత్రమే నల్లగుడ్డ కప్పేసి, ఏడాది పొడుగునా పూయిస్తారు.

ఇక్కడ నాకు బాగా నచ్చే ప్రయోగం ఒకటుంది. 1930ల్లో సోవియట్ యూనియన్‌లో చైలాఖ్యాన్ అనే శాస్త్రవేత్త చామంతి మొక్కకి పైభాగంలో ఆకులన్నీ తీసేసి, కింద ఆకులున్న భాగానికి మాత్రం పొడుగు రాత్రులిచ్చాడు. పైన ఎక్కువ వెలుతురున్నా సరే, ఆ బోడి కొమ్మే పూసింది. అంటే చీకటిని కొలిచేది ఆకు, పూసేది కొమ్మ చివర, మధ్యలో ఏదో కబురు ప్రయాణం చేస్తోంది. దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు, పదార్థం మాత్రం దొరకలేదు, అది ఎఫ్‌టీ అనే ప్రోటీన్ అని తేలడానికి 2007 దాకా పట్టింది! తర్వాత 2013లో జపాన్ వాళ్ళు అడవి చామంతిలో దీనికి ఎదురు పనిచేసే ప్రోటీన్ కూడా పట్టుకున్నారు, రాత్రి మధ్యలో వెలుగు పడితే ఆకులోనే అది తయారై కొమ్మ చివరకెళ్ళి పూత ఆపేస్తుంది. మన వీధి లైటు చేయిస్తున్నది సరిగ్గా ఆ పనే. కుండీ అయితే చీకటి వైపు జరిపెయ్యండి, నేల మీద మొక్కయితే సెప్టెంబరు నుంచి వరండా బల్బు తొందరగా ఆర్పండి, స్తంభం లైటయితే మనం ఆర్పలేం కదా, మధ్యలో ఒక గోనెపట్టా అడ్డం కట్టుకోవాలి.

గుర్తుపట్టడం సంగతికొస్తే, నారు అమ్మేవాళ్ళ దగ్గర చామంతి అని తెచ్చుకున్నది ఒక్కోసారి ఇంకేదో అవుతుంది. బంతి ఆకు చిన్న చిన్న ఆకులుగా ఈనె దాకా చీలి ఉంటుంది, చామంతి ఆకు ఒకటే, అంచులు మాత్రం లోతుగా కోసినట్టుంటాయి, అడుగున బూడిద రంగు నూగు, నలిపితే ఘాటైన వాసన. పువ్వు విప్పి చూస్తే ఇంకా తెలుస్తుంది. మనం రేక అనుకునేది నిజానికి ఒక పూర్తి పువ్వు, ఒకటి లాగి మొదట్లో చూడండి, రెండుగా చీలిన సన్నటి కీలాగ్రం (పుప్పొడి అందుకునే కొస), కింద గింజ కాబోయే బుడిపె ఉంటాయి. మధ్య పసుపు బొట్టులో ఉన్నవి గొట్టాల్లాంటి బుల్లి పూలు, పుప్పొడి వాటిలోనే. బంతి గింజ నల్లటి పుల్లలా ఉండి కొసన కుచ్చు ఉంటుంది, చామంతికి ఆ కుచ్చు ఉండదు.

అన్నిటికన్నా పెద్ద తేడా పూత అయిపోయాక. బంతి చచ్చిపోతుంది, చామంతి పైన ఎండినా మొదట్లో పిలకలేస్తుంది. ఎండిందని పీకి పారేసేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. జనవరి ఆఖర్లో జానెడు ఉంచి కోసెయ్యండి, నెల తిరిగేసరికి చుట్టూ పిలకలొస్తాయి, వేరుతో సహా విడదీసి ఎండాకాలమంతా కొబ్బరి చెట్ల నీడలో బతికించుకుంటే చాలు, అప్పుడు ఎరువేం అక్కర్లేదు. తొలకరి పడ్డాక నాటుకోవచ్చు. మన ఉద్దానం ప్రాంతపు ఇసక నేలైతే నీరు నిలవదు, బంకమట్టయితే గట్టు చేసి దాని మీద నాటాలి, నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళి మొక్క రెండ్రోజుల్లో వాలిపోతుంది. నాటిన నెలకి తలలు తుంచితే పక్క కొమ్మలొస్తాయి, ఆగస్టు దాటాక మాత్రం తుంచకండి. మొగ్గల మీద పేనుబంక కనిపిస్తే నీళ్ళతో గట్టిగా కొట్టండి, చాలాసార్లు దాంతోనే పోతుంది. మొగ్గ దశలోనే మన తీరానికి తుఫాన్లూ వస్తాయి, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి, అందుకని దసరాకి ముందే పక్కన ఒక కర్ర పాతి వదులుగా కట్టెయ్యండి.