చల్లారేదాకా చూసేదెవరు?

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక తాత పక్కన కూర్చుంటే అణు కేంద్రం మాట వచ్చింది. పేలుతుందా అని ఆయన అడగలేదు. చేతులు ఆపకుండానే, "కరెంటు తీసేసుకున్నాక మిగిలిందాన్ని ఏటి సేత్తారు బాబూ?" అన్నాడు. ఈ చర్చలో చాలామంది చివర్లో గానీ అడగని ప్రశ్న ఇది. ఆయన మొదటే అడిగాడు.

కొవ్వాడలో పెట్టాలనుకుంటున్నవి అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ రూపొందించిన ఏపీ1000 రకం రియాక్టర్లు ఆరు, ఒక్కోటి 1,208 మెగావాట్ల కరెంటు ఇచ్చేది. ఒక్కో రియాక్టర్ గుండెలో 157 ఇంధన కట్టలుంటాయి. కట్ట పొడవు నాలుగు మీటర్ల పైమాటే. అందులో 264 సన్నటి జిర్కోనియం గొట్టాలు, వాటి నిండా వేలిగోరంత యురేనియం బిళ్లలు. కొన్నాళ్లు మండాక పాత కట్టలు తీసి కొత్తవి పెడతారు. వాడేసిన కట్ట ఆకారం ఏమీ మారదు. కానీ అడ్డు లేకుండా దాని పక్కన నిలబడితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం తీసేంత రేడియేషన్ ఒంట్లోకి వెళ్తుంది.

కట్టెల పొయ్యి మీద నీళ్లు చల్లితే నిప్పు ఆరిపోతుంది. ఇది ఆరదు. రియాక్టర్‌ను ఆపితే యురేనియం పరమాణువులు చీలడం ఆగుతుంది గానీ, అప్పటికే చీలిన ముక్కలు వాటంతటవే క్షయమవుతూ వేడి పుట్టిస్తూనే ఉంటాయి. ఆపిన క్షణాన ఆ వేడి పూర్తి సామర్థ్యంలో 6 శాతం పైనే. గంటకు ఒకటిన్నర శాతానికి, రోజు గడిచేసరికి అర శాతం దగ్గరికి దిగుతుంది. అర శాతమేగా అనుకోవద్దు. ఏపీ1000లో పుట్టే వేడి మొత్తం 3,400 మెగావాట్లు. అందులో అర శాతమంటే 17 మెగావాట్లు. వెయ్యి వాట్ల కెటిళ్లు పదిహేడు వేలు ఒకేసారి మరుగుతున్నట్టు!

అందుకే ఈ కట్టలను సుమారు 12 మీటర్ల లోతు కొలనులో, తల మీద ఏడు మీటర్ల నీళ్లుండేలా నిలబెడతారు. ఆ నీళ్లు వేడిని మోసుకుపోతాయి, రేడియేషన్‌కు అడ్డుగోడగా నిలుస్తాయి. కట్టను ఇటు నుంచి అటు జరపాలన్నా నీటి కిందే, యంత్రంతోనే. అప్పుడే తీసిన కట్టల చుట్టూ నీరు నీలంగా వెలుగుతుంది. నీటిలో కాంతి కాస్త నెమ్మదిస్తుంది, కట్టల వల్ల అక్కడ పుట్టే ఎలక్ట్రాన్లు దాన్ని మించిన వేగంతో దూసుకుపోతాయి కాబట్టి వచ్చే వెలుగది.

పలాసలో జీడిపిక్కలను ఉడికించగానే కోతకు పెట్టరు, ఆరబోస్తారు. ఆ ఆరబోత కూడా పనిలో భాగమే. హంగేరీలోని పాక్ష్ కేంద్రంలో సరిగ్గా ఈ సంగతే మరిచారు. 2003 ఏప్రిల్ 10న అక్కడ 30 ఇంధన కట్టలను ఒక ట్యాంకులో పెట్టి, నీటి అడుగునే రసాయనాలతో కడిగారు. సాయంత్రానికి కడగడం అయిపోయింది. వాటిని తీయాల్సిన క్రేన్ మాత్రం వేరే పనిలో ఉంది. పని అయిపోయిందిగా అని చిన్న పంపు నడుపుతూ ఆగారు. ఆ ట్యాంకులో నీళ్లు వచ్చే దారీ పోయే దారీ రెండూ కిందనే ఉన్నాయి. దాంతో నీరు కట్టల పైదాకా ఎక్కకుండా అడుగు నుంచే తిరిగిపోయింది. పైన ఆవిరి చేరింది. కట్టలు ఎర్రగా కాలాయి. రాత్రి పది కావస్తుండగా రేడియేషన్ అలారాలు మోగాయి. తెల్లవారుజామున మూత ఎత్తితే చన్నీళ్లు ఒక్కసారిగా తగిలి గొట్టాలు పగిలిపోయాయి. ఊళ్లకు చెప్పుకోదగ్గ హాని జరగలేదు, అది అదృష్టమే. ఆ శిథిలాలను ఎత్తడం మాత్రం 2006 చివర్లో గానీ మొదలవలేదు.

నన్ను బాగా కలవరపెట్టేది ఆ ట్యాంకు కన్నా దానికి అనుమతి వచ్చిన తీరు. అంతకుముందు ఏడేసి కట్టలు కడిగే చిన్న ట్యాంకు సవ్యంగానే పనిచేసింది. అలాంటిదే కదా అనుకుని హంగేరీ నియంత్రణ సంస్థ పెద్దదాన్ని అంత లోతుగా పరీక్షించలేదు. కడగడం అయ్యాక ఆ నాలుగైదు గంటలూ చల్లబరిచేదేమిటి అని గట్టిగా నిలదీసిన వాళ్లు లేకపోయారు.

మన దగ్గర ఆ నిలదీయాల్సిన సంస్థ ఏఈఆర్‌బీ, అణుశక్తి నియంత్రణ మండలి. 1983 నవంబరు 15న ఏర్పడింది. స్థల ఎంపిక నుంచి నిర్మాణం, నడపడం, చివరికి మూసేయడం దాకా ప్రతి మెట్టు దగ్గరా దాని అనుమతి కావాలి. కానీ దశాబ్దాలపాటు ప్లాంటు నడిపేవాళ్లూ, తనిఖీ చేసేవాళ్లూ ఒకే గొడుగు కింద ఉన్నారు. 2012లో ప్రభుత్వ పద్దులు తనిఖీ చేసే కాగ్ ఈ లోపాన్నే ఎత్తిచూపింది. 1962 నాటి చట్టం కింద నియమాలను మీరితే వేయగలిగిన జరిమానా ఎంతో తెలుసా? 500 రూపాయల దాకా. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త అణుశక్తి చట్టం 'శాంతి' (SHANTI) ఈ మండలికి చట్టబద్ధమైన హోదా ఇస్తోంది. మంచిదే. హోదాతో పాటు, ప్రాజెక్టు ఆలస్యమైనా సరే "ఆగండి" అనే ధైర్యం రావాలి.

ఆ ధైర్యం ఎంత అవసరమో తమిళనాడులోని కూడంకుళం అణు కేంద్రాన్ని చూస్తే తెలుస్తుంది. వాడేసిన ఇంధనానికి రియాక్టర్ బయట విడిగా నిల్వ కేంద్రం ఐదేళ్లలో కట్టాలని సుప్రీంకోర్టు 2013 మేలో ఆదేశించింది. గడువు చాలక 2018లో దాన్ని 2022 ఏప్రిల్ దాకా పొడిగించాల్సి వచ్చింది. ఈలోగా రియాక్టర్లు నడుస్తూనే ఉన్నాయి, కొలను నిండుతూనే ఉంది.

కొవ్వాడలో ఆ వరస తిరగబడాలని నా పట్టుదల. కొలను ఏ ఏటికి నిండుతుంది, నిండాక కట్టలు ఎక్కడికి పోతాయి, దారిలో వాటి బాధ్యత ఎవరిది, తుపానుకు రోజుల తరబడి కరెంటు పోతే ఆ నీళ్లను తిప్పేది ఏమిటి? తిత్లీ తుపాను నాడు కరెంటు కోసం ఎన్నాళ్లు ఎదురుచూశామో ఈ జిల్లాకు గుర్తుంది. ఈ నాలుగింటికీ జవాబులు మొదటి రియాక్టర్‌కు కాంక్రీటు పోయకముందే కాగితం మీద ఉండాలి. ఆ కాగితం తెలుగులో ఉండాలి. కొవ్వాడ ఒడ్డున, ఆ తాత ముందు చదివి వినిపించాలి.