పోలీస్ స్టోరీ (1985) డిస్కులు: అపోహలు – వాస్తవాలు

పేరు చూసి నాలుగో సింహం గుర్తొచ్చి ఉంటే సారీ, ఇది సాయికుమార్ గారి సినిమా గురించి కాదు. 1985లో జాకీ చాన్ తనే డైరెక్ట్ చేసి నటించిన హాంకాంగ్ పోలీస్ స్టోరీ గురించి, హాంకాంగ్ వాళ్ళ భాష కాంటనీస్‌లో అయితే గింగ్ చాట్ గూ సీ. నేను పోస్ట్ ప్రొడక్షన్‌లో పనిచేస్తాను. పాత సినిమాల నెగెటివ్‌లు స్కాన్ అయి వచ్చాక దుమ్మూ గీతలూ తీసేది, రంగులు సరిచేసేది నా సీట్లోనే. ఈ ఒక్క సినిమాకే నా దగ్గర ఒక వీసీడీ, మూడు డీవీడీలు, రెండు బ్లూ-రేలు, బ్లూ-రే కంటే నాలుగింతలు చుక్కలతో బొమ్మ చూపించే 4కె డిస్కు ఒకటి ఉన్నాయి, ఎందుకని అడగడం ఇంట్లో వాళ్ళు ఎప్పుడో మానేశారు. బయటివాళ్ళు మాత్రం "ఏది కొనాలన్నా" అని అడుగుతూనే ఉంటారు, అడిగేటప్పటికే మనసులో ఏదో ఒకటి ఖాయం చేసుకుని ఉంటారు కూడా. అలా ఖాయం చేసుకున్న వాటిలో తరచూ వినేవి ఇవి.

అపోహ: బొమ్మ ఎంత నున్నగా ఉంటే ఆ డిస్కు అంత మంచిది.

ఎక్కువసేపు వాదించాల్సింది దీని మీదే. ఫిల్ము మీద కదిలే ఆ సన్నటి రేణువుల్ని గ్రెయిన్ అంటాం. అది పైన పడిన మురికి కాదు, బొమ్మ ఏర్పడిందే దాంతో. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో రుద్దేస్తే మొహాల మీద చర్మం పోయి మైనం వస్తుంది, చొక్కా నేత పోతుంది. ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలియనిది దుమ్ము తీసే సాఫ్ట్‌వేర్ సంగతి. దుమ్ము సాధారణంగా ఒక్క ఫ్రేములోనే ఉంటుంది, ముందు ఫ్రేములో ఉండదు, తర్వాతి ఫ్రేములో ఉండదు. అందుకని సాఫ్ట్‌వేర్ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసి, మధ్యదాంట్లో మాత్రమే ఉన్న చిన్న చుక్కని దుమ్ము కింద లెక్కగట్టి, పక్క ఫ్రేముల్లోంచి కాస్త బొమ్మ తెచ్చి అక్కడ అతికిస్తుంది. మరి గాలిలో ఎగిరే గాజు ముక్క? అదీ ఒక చోట సెకనులో 24వ వంతు మాత్రమే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అదీ దుమ్మే.

ఇప్పుడు ఈ సినిమా క్లైమాక్స్ గుర్తు తెచ్చుకోండి. హాంకాంగ్‌లో చిమ్ షా చూయ్ అనే పేటలోని వింగ్ ఆన్ ప్లాజా షాపింగ్ మాల్, ఎటు పడితే అటు అద్దాల బీరువాలు, వాటిలోంచి మనుషులు. ఎన్ని అద్దాలు పగలగొట్టారంటే స్టంట్ టీమ్ వాళ్ళే దీనికి గ్లాస్ స్టోరీ అని పేరు పెట్టుకున్నారు. అలాంటి సినిమాకి ఈ సాఫ్ట్‌వేర్‌ని గట్టిగా పెట్టి వదిలేస్తే ఏమవుతుంది? నా దగ్గరున్న ఒక డీవీడీలో ఒకతను బీరువాలోకి వెళ్ళి పడే చోట రిమోట్‌తో ఫ్రేము ఫ్రేముగా నడిపి చూశాను. ఒక ఫ్రేములో అద్దం నిండుగా ఉంది, తర్వాతి దాంట్లో పగిలింది, దాని తర్వాత మనిషి చుట్టూ ముక్కలు చాలావరకు లేవు, భుజం దగ్గర మబ్బులా ఏదో అలికినట్టుంది. అదే చోట గ్రెయిన్ ఉంచిన బ్లూ-రేలో ముక్కలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి, కొన్నింటి అంచు మీద మాల్ లైట్ల మెరుపుతో సహా. మామూలు వేగంతో చూసేటప్పుడు ఈ తేడా ఏమిటో చెప్పలేం, కానీ మొదటి డిస్కులో దెబ్బ తేలిగ్గా ఉంటుంది, అంతే.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పాత జానపదం కత్తియుద్ధాన్ని రాత్రంతా ఆటోమేటిక్‌లో పెట్టి ఇంటికెళ్ళి పడుకున్నాను. పొద్దున మా సీనియర్ చూసి, "కత్తులు తగిలితే రవ్వలు రావాలి కదరా, ఏవీ?" అన్నారు. రవ్వలన్నీ శుభ్రంగా తుడిచేశాను! వాటిని మళ్ళీ తెచ్చిపెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పట్నుంచీ ఏ యాక్షన్ సినిమా డిస్కు చేతికొచ్చినా మొహాల కంటే ముందు గాజు, వాన, నిప్పు చూస్తాను.

అపోహ: స్తంభం పట్టుకుని జారే షాట్ మూడుసార్లు వస్తోంది, డిస్కు తయారీలో తప్పు.

కాదండీ. అది జాకీ ఎడిటింగే. లైట్ల దండలు చుట్టిన స్తంభం మీద నుంచి కింది దాకా జారి, గాజు పైకప్పు మీద పడే ఆ ఒక్క సాహసాన్ని వేర్వేరు కోణాల్లో వెంటవెంటనే మూడుసార్లు చూపిస్తారు, నిజంగా చేశాడని మీరు నమ్మడానికి. చేతులు కాలాయి, నడుముకీ దెబ్బ తగిలింది, ఒక్కసారి చూపించి ఊరుకుంటాడా మరి. "డిస్కు బాగోలేదు" అని వెనక్కి పంపినవాళ్ళు నాకు తెలుసు, పేర్లు చెప్పను. ఇక్కడ కూడా ఒక పరీక్ష ఉంది. బల్బులు పేలేటప్పుడు వెలుగు చూడండి. కాంట్రాస్ట్ పెంచేసిన డిస్కుల్లో అది తెల్లటి మచ్చ, సరిగ్గా చేసినదాంట్లో ఆ వెలుగు లోపల బల్బు ఆకారం, రంగు తెలుస్తాయి.

అపోహ: పెదాలకీ మాటలకీ కుదరట్లేదంటే అది డబ్బింగ్ ట్రాక్, అసలుది వేరే ఉంటుంది.

హీరోయిన్ గొంతు హీరోయిన్‌ది కాదని చిన్నప్పట్నుంచీ తెలిసిన మనం ఈ మాట అనకూడదు. అప్పట్లో హాంకాంగ్‌లో చాలా సినిమాలు మాటలు రికార్డు చేయకుండానే తీసేవారు, అన్ని గొంతులూ తర్వాత స్టూడియోలో వేసేవారు, కాంటనీస్‌కి ఒకసారి, చైనా, తైవాన్‌లలో మాట్లాడే మాండరిన్‌కి ఒకసారి, బయటి దేశాలకి అమ్మడానికి ఇంగ్లీషులో ఇంకోసారి. కాబట్టి అసలు ట్రాక్ అన్నదీ డబ్బింగే, పెదాలు అక్కడక్కడా తప్పుతాయి. ఇందులో ఉన్న బ్రిజిట్ లిన్ తైవాన్ అమ్మాయి, మ్యాగీ చంగ్ హాంకాంగ్ అమ్మాయి, సెట్లో ఎవరు ఏ భాషలో మాట్లాడినా ఇబ్బంది లేని పద్ధతి అది. ఈ సిరీస్‌లో సెట్ మీదే మాటలు రికార్డు చేయడం 1992లో వచ్చిన మూడో భాగంతో మొదలైంది. మరి ఏది పెట్టుకోవాలంటే కాంటనీస్ పెట్టుకోండి, సినిమా మొదట వాళ్ళ ఊళ్ళో జనం చూసింది అలాగే. ఇంగ్లీషు డబ్బింగుల్లో హీరో చాన్ కా-కూయ్ కాస్తా ఒకచోట కెవిన్ అవుతాడు, ఇంకోచోట ఏకంగా జాకీ!

వీసీడీ కథ కూడా చెప్పేస్తాను. ఇంటర్‌లో ఉండగా తెలిసినాయన ఒకరు హాంకాంగ్ నుంచి తెచ్చిన వీసీడీ పెడితే రెండు స్పీకర్లలో రెండు భాషలు ఒకేసారి మాట్లాడుతున్నాయి, పెళ్ళింట్లో రెండు వైపుల వాళ్ళూ ఒక్కసారిగా మొదలెట్టినట్టు. డిస్కు పాడైందనుకుని పక్కన పడేశాను. తర్వాతెప్పుడో తెలిసింది, హాంకాంగ్ వీసీడీల్లో మామూలుగానే ఒక ఛానెల్లో కాంటనీస్, ఇంకో ఛానెల్లో మాండరిన్ పెట్టేవారని. రిమోట్ మీద ఎడమ, కుడి మార్చే బటన్ ఉన్నది దానికేనట.

అపోహ: 5.1 ఉంటే మోనో ఎందుకు?

ఈ సినిమా తయారైంది మోనోలో, అంటే శబ్దమంతా ఒకే ఛానెల్లో. ముందూ వెనకా స్పీకర్లకి విడివిడిగా పంచే 5.1 అన్నది ఏళ్ళ తర్వాత డీవీడీల కోసం ఎవరో కూర్చుని చేసింది. మోనో ట్రాకులో మాట, సంగీతం, దెబ్బ అన్నీ కలిసిపోయి ఉంటే విడదీయడం కష్టం కాబట్టి, ఇలాంటి రీమిక్సుల్లో చాలాసార్లు దెబ్బల శబ్దాలు కొత్తవి తెచ్చి పైన వేస్తారు. ఫలితం ఏంటంటే, 1985 నాటి బొమ్మ మీద 2000ల నాటి గుద్దు. గాజు పగిలే చప్పుడు కూడా వెనక స్పీకర్ల నుంచి వస్తుంది, మీ సోఫా వెనక ఎవరో గ్లాసు పడేసినట్టు. అసలు మోనోలో ఆ గాజంతా మధ్యలోంచి, తెరమీద మనిషి పడ్డ చోటు నుంచే వస్తుంది. డిస్కులో రెండూ ఉంటే గొడవే లేదు. 5.1 ఒక్కటే ఉంటే నేను కొనను.

అపోహ: నిడివి నాలుగు నిమిషాలు తక్కువుంది, సెన్సార్ కోసేసింది.

ముందు లెక్క చూడండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. యూరప్ టీవీల పద్ధతి అయిన పాల్ డీవీడీలకి దాన్ని 25 చేసి ఎక్కించేవారు. నాలుగు శాతం వేగం, అంటే 100 నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది, ఒక్క ఫ్రేము కూడా పోకుండా. గొంతులు కొద్దిగా సన్నబడతాయి, పాట తెలిసినవాళ్ళు పట్టేస్తారు. నిజంగా కోతలు పడిన డిస్కులూ లేకపోలేదు, బ్రిటన్‌లో నన్‌చాకు, అంటే గొలుసుతో కలిపిన రెండు కర్రల ఆయుధం, కనబడితే చాలు ఏళ్ళ తరబడి కత్తిరించేవారు, ఎంటర్ ది డ్రాగన్ కూడా తప్పించుకోలేదు. అందుకే నిమిషాలు పోల్చే ముందు రెండూ ఒకే వేగంతో ఉన్నాయో లేదో చూసుకోవాలి. పైగా ఫైట్లు తీసేటప్పుడే కెమెరాని సెకనుకి 22 ఫ్రేములకో ఇంకా తక్కువకో దించి తీయడం అక్కడ మామూలు, తెరమీద కొట్లాట చురుగ్గా కనిపించడానికి. దాని మీద మళ్ళీ పాల్ వేగం కలిస్తే మనుషులు బొమ్మల్లా ఎగురుతారు, అప్పుడు తప్పు జాకీ మీదకి పోతుంది.

అన్నట్టు, పొడుగ్గా ఉన్నదే పూర్తి సినిమా అన్నదీ తప్పే. జపాన్‌లో విడుదలైన వెర్షన్ హాంకాంగ్‌లో ఆడినదాని కంటే కొంచెం పొడుగు. నేనైతే హాంకాంగ్‌లో ఆడినదే సినిమా అనుకుంటాను, మిగతావి స్పెషల్ ఫీచర్స్‌లో చూసుకుంటాను.

అపోహ: పైనా కిందా నల్ల పట్టీలుంటే బొమ్మ కోసేసినట్టు.

సరిగ్గా తిరగేసి చెప్తున్నారు. ఇది 2.35:1 స్కోప్ సినిమా, అంటే బొమ్మ వెడల్పు ఎత్తుకి 2.35 రెట్లు. పాత చదరపు టీవీ నిండా వచ్చేలా చేసిన క్యాసెట్లలో పక్కల నుంచి 40 శాతానికి పైగా బొమ్మ పోయింది. తన్నినవాడు ఉంటాడు, తన్నులు తిన్నవాడు ఉండడు.

అపోహ: కొత్త రిస్టొరేషన్‌లో (పాత ఫిల్ముని బాగుచేసి తెచ్చిన దాంట్లో) రంగులు మార్చేశారు, నా పాత డీవీడీలోవే అసలు రంగులు.

మార్చి ఉండొచ్చు. కానీ మీ డీవీడీ సాక్ష్యం ఎలా అవుతుంది? పాత డీవీడీలు చాలావరకు ప్రింట్ల నుంచో, టీవీ కోసం ఎప్పుడో చేసిన మాస్టర్ల నుంచో వచ్చాయి. కలర్ ప్రింటులో రంగు పొరలు ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతాయి, నీలిపచ్చ పొర ముందు పోయి మొత్తం గులాబీ రంగుకి తిరుగుతుంది, మన డెబ్బైల నాటి సినిమాలు ఆ రంగులో ఎన్ని చూడలేదు. అలాంటి ప్రింటుని టెలిసినీలో, అంటే ఫిల్ముని వీడియోగా మార్చే యంత్రం దగ్గర, ఎవరో అప్పటికప్పుడు సరిచేసిందే మీ డీవీడీ. అలాగని కొత్తదల్లా నిజమని కూడా అనను. ఈ మధ్య రిస్టొరేషన్లలో పసుపో, ఆకుపచ్చో అన్నిటి మీదా పల్చగా పూసినట్టు ఉండటం నేనూ చూస్తున్నాను. తెల్ల చొక్కా, ట్యూబ్‌లైట్, మనుషుల చర్మం, ఈ మూడూ ఒకేసారి పసుపెక్కితే అది కెమెరామన్ పెట్టిన రంగు అయ్యుండదు.

అపోహ: ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు అన్ని డిస్కుల్లో ఒకటే.

ఒక చిన్న పరీక్ష చెప్తాను. జాకీని ఊరి చివరి స్టేషన్‌కి తోసేశాక, ఒక్కడే కూర్చుని మోగే ఫోన్లన్నీ ఎత్తుతూ, తీగలు మెడకి చుట్టుకుని, ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరికి చెప్పేస్తుంటాడు. ఆ సీన్లో సబ్‌టైటిల్ చూస్తే ఏ ఫోన్లో ఏ మాటో తెలుస్తోందా? తెలిస్తే ఎవరో కాంటనీస్ విని, టైమింగ్ చూసుకుని రాశారు. కొన్ని డిస్కుల్లో కాంటనీస్ ట్రాకు కింద ఇంగ్లీషు డబ్బింగ్ మాటల్నే ఎక్కించేస్తారు, అక్కడ మనిషి నోరు మూశాక కూడా కింద అక్షరాలు ఆగవు. పాత హాంకాంగ్ ప్రింట్ల మీద చైనీస్, ఇంగ్లీషు రెండూ అచ్చు వేసేసి ఉండేవి, వాటి ఇంగ్లీషు అందం వేరు, దాని కోసమే పాత డిస్కులు దాచుకునేవాళ్ళున్నారు. నేనూ ఒకటి దాచుకున్నాను, అది వేరే సంగతి.

అపోహ: పెట్టె మీద 4కె అని ఉంది, కాబట్టి 4కె డిస్కే.

4కె రిస్టొరేషన్ వేరు, 4కె డిస్కు వేరు. 2019లో అమెరికాలో క్రైటీరియన్ అనే డిస్కుల కంపెనీ మొదటి రెండు భాగాలూ కలిపి తెచ్చింది 4కె రిస్టొరేషన్ నుంచే, కానీ డిస్కు మామూలు బ్లూ-రే, 1080 గీతలు. అయినా బాగుంటుంది. పెట్టె మీద అల్ట్రా హెచ్‌డీ అని ఉంటేనే 4కె ప్లేయర్ కావాలి. దానికో లాభముంది, అల్ట్రా హెచ్‌డీ డిస్కులకి రీజియన్ తాళం, అంటే ఒక ప్రాంతం డిస్కు ఇంకో ప్రాంతం ప్లేయర్‌లో ఆడకుండా చేసేది, ఉండదు. మామూలు బ్లూ-రేలకి ఉంటుంది. అమెరికా, హాంకాంగ్ ఏ, బ్రిటన్ బీ, మనది సీ. కాబట్టి డాలస్‌లో ఉన్న బావమరిదితో తెప్పించే ముందు మీ ప్లేయర్ ఏ రీజియన్ చదువుతుందో చూసుకోండి, పెట్టెలో బ్లూ-రే కాపీ కూడా ఉంటే తాళం దానికి పడొచ్చు.