పాత ముంపు పటాన్ని నమ్ముకున్న ఊళ్లు: అపోహలు - వాస్తవాలు

గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరద ముంపు పటాలు గీయడం, పాతవాటిని సరిదిద్దడం నా పని. ఏ ఊరికి వెళ్లినా ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "మా ఊరు ముంపులో ఉందా, లేదా?" దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు. ఎంత వరద వస్తే, ఎటునుంచి వస్తే, ఏ ఏడాది కొలతల లెక్కన అనే మూడూ కలిపి చెప్పాలి. ఈ మూడింటిలో చివరిదాన్ని అధికారులూ మరిచిపోతున్నారు, ప్రజలూ మరిచిపోతున్నారు. ఎప్పటిదో పటం చూసి ఇళ్ల స్థలాలు కేటాయించడం, పునరావాస కేంద్రానికి చోటు నిర్ణయించడం ఇప్పటికీ చూస్తున్నాను. పని మీద తిరిగేటప్పుడు తరచూ వినిపించే మాటలకు నా జవాబులు ఇవి.

అపోహ: "1986లోనే మా ఊరు మునగలేదు. ఇక ఎప్పటికీ మునగదు."

గోదావరి పొడవునా ఈ మాట వినిపిస్తుంది. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. ఆ ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు. అంతటి వరద మళ్లీ రాలేదు. 2022 జులైలో భద్రాచలం వద్ద 71.3 అడుగులు వచ్చినప్పుడు కూడా పెద్దవాళ్లు 1986తోనే పోల్చి చూసుకున్నారు.

అయితే 1986 నాటి నీరు 1986 నాటి నేల మీద పారింది. అప్పటినుంచి గట్లు ఎత్తయ్యాయి, రోడ్లూ ఎత్తయ్యాయి. వరి చేలు చేపల చెరువులయ్యాయి. పల్లపు భూములు లేఅవుట్లయ్యాయి. మురుగు కాలువలు పూడి, ఆక్రమణలతో సన్నబడ్డాయి. వరద పారే దిక్కుకు అడ్డంగా ఒక రోడ్డును నాలుగడుగులు పెంచి, కింద చాలినన్ని తూములు పెట్టకపోతే ఆ రోడ్డే గట్టులా పనిచేస్తుంది. పైవైపు ఊరు గతంలో కంటే తక్కువ వరదకే మునుగుతుంది. కిందివైపు ఊరికి అదే రోడ్డు కొంత రక్షణ ఇవ్వవచ్చు. నది అడుగు కూడా స్థిరంగా ఉండదు. ఇసుక తవ్వినచోట లోతవుతుంది, మేట వేసినచోట పైకి లేస్తుంది. పెద్దవాళ్ల జ్ఞాపకం ఆనాటి నేలకు నూటికి నూరుపాళ్లు నిజం. నేటి నేలకు మళ్లీ లెక్క వేయాల్సిందే.

అపోహ: "వందేళ్ల వరద అంటే వందేళ్లకు ఒకసారి వచ్చేది."

ఏ ఏడాదైనా ఆ స్థాయి వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని దాని అర్థం. ఈ ఏడాది వచ్చినా వచ్చే ఏడాది అవకాశం అంతే ఉంటుంది. ముప్పై ఏళ్ల వాయిదాలతో అప్పు తీసుకుని ఇల్లు కట్టుకుంటే, ఆ అప్పు తీరేలోగా అలాంటి వరదను ఒక్కసారైనా చూసే అవకాశం దాదాపు 26 శాతం. కృష్ణా మీద ప్రకాశం బ్యారేజీ వద్ద 2009 అక్టోబరులో 11.10 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఈ తరంలో ఇంతకు మించి చూడబోమని చాలామంది అనుకున్నారు. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చాయి. ఇలా పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ వందేళ్ల వరద ఎంత అన్న అంకె కూడా మళ్లీ కట్టాలి.

అపోహ: "పెద్ద నదికి గట్టు ఉంది కాబట్టి మాకు భయం లేదు."

విజయవాడ సంగతే తీసుకోండి. 2024 సెప్టెంబరు 1న సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు నడుములోతు, కొన్నిచోట్ల అంతకు మించిన నీటిలో చిక్కుకున్నాయి. ఆ ముంపు ప్రధానంగా కృష్ణా వల్ల కాదు, బుడమేరు వల్ల వచ్చింది. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఏరు. దాని వరదను వెలగలేరు రెగ్యులేటరు దగ్గర మళ్లించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణాలో కలపడానికి డైవర్షన్ ఛానెల్ తవ్వారు. మామూలు రోజుల్లో ఈ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది. కృష్ణా కూడా నిండుగా పారుతుంటే మాత్రం ఆ ఛానెల్ నీరు నదిలోకి దిగలేక వెనక్కి ఎగదన్నుతుంది. ఆ రోజుల్లో రెండింటికీ ఒకేసారి వరద వచ్చింది. ఛానెల్ గట్టుకు గండ్లు పడ్డాయి.

ముంపు పటాన్ని నది ఒక్కదానికే గీస్తే ఇలాంటి ముంపు అందులో కనిపించదు. నదీ, ఏరూ, డ్రెయినూ ఒకేసారి పొంగితే ఏమవుతుందో లెక్క కట్టాలి. గట్టు ఉన్నచోట గట్టు తెగితే ఏమవుతుందన్న లెక్క వేరే వేయాలి. గట్టు వెనకాల ప్రాంతాన్ని తెల్లగా వదిలేసిన పటం నా దృష్టిలో సగం పటమే. నీరు నెమ్మదిగా పెరిగి పొంగితే సామాన్లు సర్దుకునే వ్యవధి ఉంటుంది, గండి పడితే ఆ వ్యవధి దొరకదు. అందుకే గట్టు పక్క ఊళ్లకు నీటి లోతుతోపాటు నీరు ఎంత సేపట్లో వచ్చి చేరుతుందో కూడా పటంలో ఉండాలి.

అపోహ: "ఉపగ్రహాలు అన్నీ చూస్తున్నాయి. ఇంకా ఊరూరా తిరగడం ఎందుకు?"

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వరదల సమయంలో ముంపు చిత్రాలు ఇస్తుంది. సహాయక బృందాలకు అవి చాలా ఉపయోగం. వాటికీ, ఎంత వరదకు ఏ చోటు మునుగుతుందో ముందే చెప్పే ప్రమాద పటానికీ తేడా ఉంది. ఉపగ్రహ చిత్రం అది దాటిన నిమిషాన నీరు ఎక్కడుందో చెబుతుంది. వరద రాత్రి రెండు గంటలకు గరిష్ఠానికి చేరి తెల్లవారేసరికి తీయడం మొదలుపెడితే, ఉదయం తీసిన చిత్రంలో ఆ గరిష్ఠం ఉండదు. సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహం ఒక్కటే ఉంటే అదే దారిలో తిరిగి రావడానికి 12 రోజులు పడుతుంది.

రాడార్ మబ్బుల గుండా చూడగలదు. నునుపైన నీటి ఉపరితలం మీద పడిన తరంగాలు అటువైపే జారిపోతాయి కాబట్టి చిత్రంలో నీరు నల్లగా వస్తుంది. మన డెల్టాలో జులై, ఆగస్టు నెలల్లో దమ్ము చేసి నీరు పెట్టిన వరి చేను కూడా అంతే నల్లగా వస్తుంది. చేపల చెరువూ అంతే. పట్టణంలో దీనికి పూర్తిగా ఎదురు జరుగుతుంది. వీధిలో నిలిచిన నీటిని తాకిన తరంగం ఇంటి గోడను కూడా తాకి వెనక్కి తిరిగి వస్తే, మునిగిన వీధి తెల్లగా మెరుస్తుంది. ఏది వరద, ఏది నాట్ల నీరు, ఏది చెరువు అని వేరు చేయాలంటే ఆ నేల తెలిసినవాళ్లు పక్కన ఉండాలి.

ఎత్తుల లెక్క ఇంకా చిక్కు. ఉచితంగా దొరికే ఎత్తుల నమూనాల్లో తప్పు కొన్ని మీటర్ల దాకా ఉంటుంది. కోనసీమలో ఊరు మునగడానికీ మిగలడానికీ మధ్య తేడా ఒక్కోచోట మీటరు కూడా ఉండదు. పైగా ఆ నమూనాలు చాలావరకు చెట్ల తలలనే నేలగా లెక్కవేస్తాయి. దాంతో దట్టమైన కొబ్బరి తోట మెరక భూమిలాగా, దాని పక్కనున్న వరి చేను పల్లంలాగా కనిపిస్తుంది. రెండూ ఒకే మట్టంలో ఉన్నా తోటలోని ఇళ్లు సురక్షితమని పటం చెప్పేస్తుంది. విమానం నుంచి లేజర్‌తో కొలిస్తే ఆకుల సందుల్లోంచి నేల దొరుకుతుంది, తప్పు సెంటీమీటర్లకు తగ్గుతుంది. డెల్టా ముంపు పటానికి ఆ ఖర్చు పెట్టి తీరాలన్నది నా అభిప్రాయం.

అపోహ: "మీటరు ఉప్పెన అంటే మోకాలి పైదాకా నీరు, అంతేగా!"

వాతావరణ శాఖ చెప్పే మీటరు, ఆ వేళకు ఉండే పోటు మీద అదనంగా వచ్చే మీటరు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మన తీరంలో పోటుకూ ఆటుకూ తేడా మీటరుకు మించే ఉంటుంది. కాబట్టి అదే తుపాను ఆటు వేళ తీరం దాటితే ఒక రకంగా ఉంటుంది, పోటు వేళ దాటితే పూర్తిగా మరో రకంగా ఉంటుంది. వీటి మీద అలలు అదనం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి పది వేల మందిని బలిగొన్న ఉప్పెన ఎత్తు దాదాపు 5 మీటర్లు.

తీరప్రాంతంలో మరో చిక్కు ఉంది. సముద్రం ఎత్తుగా ఉన్నంతసేపూ నదుల మొగల్లోంచి, డ్రెయిన్లలోంచి వాన నీరు బయటికి పోదు. కొల్లేరు నీరు సముద్రానికి చేరే దారి ఉప్పుటేరు ఒక్కటే. పోటు వేళ ఆ దారి కూడా మందగిస్తుంది. అలాంటి చోట తీరానికి ఒక పటం, నదికి ఒక పటం వేర్వేరు శాఖల బీరువాల్లో ఉంటే ఏ ఒక్కటీ సరైన ముంపును చూపదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం) తీరానికి గీసే బహుళ విపత్తుల పటాల్లో తీరరేఖ మార్పు, సముద్రమట్టం మార్పు, నేల ఎత్తు, అత్యధిక నీటిమట్టం కలిపి చూస్తారు. తీరరేఖ మార్పు ఎందుకని అడిగేవాళ్లు ఒకసారి కాకినాడ దగ్గరి ఉప్పాడ చూసి రావాలి. పాత పటంలోని ఇళ్లున్న చోట అక్కడ ఇప్పుడు సముద్రం ఉంది.

అపోహ: "పటంలో ఎర్రరంగు పడితే భూమి ధర పడిపోతుంది. బయటపెట్టకపోవడమే మేలు."

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఉన్న ఒక్క స్థలం విలువ తగ్గుతుందంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ పటం దాచిపెడితే ఆ నష్టం తెలియక కొనుక్కునేవాళ్ల మీద, అద్దెకు దిగేవాళ్ల మీద పడుతుంది. నీరు మాత్రం ఎప్పటిలాగే వస్తుంది. రంగు పడినంత మాత్రాన అక్కడ ఇల్లే కట్టకూడదని కాదు. 2019 తీరప్రాంత నియంత్రణ ప్రకటన ప్రకారం ప్రమాద రేఖ (సముద్రం వల్ల ముప్పున్న ప్రాంతపు హద్దు) విపత్తు ప్రణాళికలకు సాధనం మాత్రమే. నదీ తీరాల విషయంలో వరద మైదానాల మండలీకరణకు, అంటే ముంపు తీవ్రతను బట్టి ఏ భాగాన్ని దేనికి వాడవచ్చో విభజించడానికి, కేంద్రం 1975లోనే నమూనా బిల్లు పంపింది. చట్టం చేసిన రాష్ట్రాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పునాది ఎంత ఎత్తు వేయాలో, మోటారు, కరెంటు మీటరు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే పటం చేతిలో ఉండాలి. దాన్ని గ్రామ సచివాలయం గోడ మీద అతికించాలని నేను ప్రతి సమావేశంలోనూ అడుగుతూనే ఉన్నాను.

అపోహ: "ఇది ఇంజినీర్ల పని. ఊరివాళ్లు చేయగలిగేది ఏమీ లేదు."

కంప్యూటర్ లెక్కను సరిచూసుకోవడానికి మాకున్న గట్టి ఆధారం గోడ మీద మిగిలే మట్టి చార. మళ్లీ ఒక మంచి వాన పడితే అది కొట్టుకుపోతుంది. సున్నం వేస్తే పూర్తిగా పోతుంది. సర్వే బృందం వచ్చేసరికి వారాలు దాటుతాయి. కాబట్టి వరద తీయగానే ఆ గుర్తును ఊరివాళ్లే నిలబెట్టాలి.

గది లోపలి గోడ మీది చారను తీసుకోండి. బయటి గోడ మీద అలల తాకిడికి చార పైకి వెళుతుంది, కంచెకు చిక్కిన చెత్త అసలు మట్టం కంటే ఎత్తున ఉండవచ్చు. చారలు రెండు మూడు కనిపిస్తే అన్నిటికంటే పైది గరిష్ఠం, కిందివి నీరు తీస్తూ ఆగిన చోట్లు. పై చార మీద పెయింటుతో గీత గీసి తేదీ రాయండి. గచ్చు నుంచి గీత దాకా టేపుతో కొలిచి, టేపు కనిపించేలా ఫోటో తీయండి. నీరు ఏ దిక్కు నుంచి, సుమారు ఎన్ని గంటలకు వచ్చిందో రాసిపెట్టండి. తర్వాత మేము జీపీఎస్ పరికరం తెచ్చి ఆ గీతకు సముద్రమట్టం నుంచి ఎత్తు కడతాం. బడి, గుడి, రామాలయం అరుగు వంటి పదేళ్లయినా కదలని కట్టడాల మీద గుర్తు ఉంటే మరీ మంచిది. ఆ వివరాల నకలు వీఆర్వోకు ఒకటి, జలవనరుల శాఖ సెక్షన్ కార్యాలయానికి ఒకటి ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

దానితోపాటు మరో అంకె రాయండి. భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులకు ఇస్తారు. ఇవి ఆయా గేజీల లెక్కలు, మీ వీధి లెక్క కాదు. బ్యారేజీ దగ్గర మట్టం ఎంత ఉన్నప్పుడు మీ ఊరి కాజ్‌వే మునిగిందో, ఎంత ఉన్నప్పుడు నీరు మొదటి ఇంటి గుమ్మం తాకిందో పక్కపక్కన రాసిపెట్టుకోండి. భద్రాచలం నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ రెండు అంకెలు చేతిలో ఉన్న లంక గ్రామం, భద్రాచలంలో మట్టం పెరుగుతోందని తెలిసిన పూటే పశువులను గట్టు మీదకు తోలుకోవచ్చు.